నర్సయ్యను వెతికే ఇండెక్స్

షోలాపూర్ తూర్పు పేటల్లో మరమగ్గాల మీద చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు నేసే పద్మశాలీలు తరాల కిందట తెలంగాణ నుంచి వలస వచ్చినవారు. ఇంట్లో తెలుగు, రేషన్ కార్డులో మరాఠీ, బ్యాంకులో ఇంగ్లీషు. ‘నర్సయ్య’ను ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ఒకరు ఏ-వై-వై-ఏ అంటారు, మరొకరు ఏ-ఐ-ఏ-ఎచ్ అంటారు. ఇక్కడి కార్మిక నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం ముందుండి నడిపించిన రే నగర్ ఇళ్ల పథకంలో 2024 జనవరిలో 15,000 ఇళ్లు కార్మికులకు అప్పగించారు. అంత పెద్ద జాబితాలో ఒక నర్సయ్యను కంప్యూటర్ పట్టుకోవడం ఎలా?

డేటాబేస్‌లలో మామూలుగా ఉండేది బీ-ట్రీ ఇండెక్స్. పేర్లను అకారాది క్రమంలో పెడుతుంది. స్పెల్లింగ్ సరిగ్గా చెబితే క్షణంలో తెస్తుంది. ఒక్క అక్షరం మారితే దానికి వేరే మనిషే.

ఒక్క రకం ఇండెక్స్ చాలదని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మొదటినుంచీ ఊహించింది. 1986లో బర్క్‌లీలో దానికి పునాది వేసిన స్టోన్‌బ్రేకర్ బృందం కొత్త రకం డేటాతో పాటు కొత్త రకం ఇండెక్స్‌లనూ చేర్చుకునే వీలుండాలని లక్ష్యంగా పెట్టుకుంది. 2006లో మాస్కోకు చెందిన సిగయేవ్, బర్తునోవ్ అందించిన ‘జిన్’ అలా చేరినదే. పుస్తకం చివరి పదసూచికలా, ఏ ముక్క ఏయే వరుసల్లో ఉందో అది రాసి పెట్టుకుంటుంది.

పేరును మూడేసి అక్షరాల ముక్కలుగా కోసే ట్రైగ్రామ్ పొడిగింపును దీనికి జోడిస్తే అసలు పని మొదలవుతుంది. పేరుకు ముందు రెండు, వెనక ఒకటి ఖాళీలు చేర్చి కోస్తుంది. పై రెండు స్పెల్లింగులకూ చెరి 9 ముక్కలొస్తాయి. వాటిలో 5 ఉమ్మడివి, మొత్తం వేర్వేరు ముక్కలు 13. పోలిక 5/13, అంటే సుమారు 0.38. మామూలు హద్దు 0.3 కాబట్టి ఇద్దరూ దొరుకుతారు. ఊరికే కాదు లెండి: కొత్త పేరు చేరిన ప్రతిసారీ అన్ని ముక్కల దగ్గరా నమోదు చేయాలి, అందుకే రాత నెమ్మదిస్తుంది.

2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.6 వెర్షన్‌తో మూల కోడ్‌ను ముట్టుకోకుండానే బయటివాళ్లు సొంత ఇండెక్స్ రకాన్ని చేర్చగలిగారు. ఎలా కట్టాలి, ఎలా వెతకాలి, ఎంత ఖర్చవుతుంది అని చెప్పే ఫంక్షన్లు ఇస్తే చాలు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, కరెంటు పోయినా ఆ ఇండెక్స్ పాడవకుండా లాగ్‌లో రాసుకునే సదుపాయం కూడా అప్పుడే రావడం.

మరాఠీ లిపిలో ఉన్న నర్సయ్యకూ ఇంగ్లీషు నర్సయ్యకూ మాత్రం ఉమ్మడి ముక్క ఒక్కటీ ఉండదు. ముందు లిపి మార్చే ఫంక్షన్ రాసి, దాని ఫలితం మీద ఇండెక్స్ కట్టాలి. రేపు ఆ ఫంక్షన్‌ను సవరిస్తే ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టుకోవాల్సిందే.