వార్తల్లో పదం: బ్లాక్ టైమ్

సూరత్‌లోని గోడాదరాలో తెలుగు నేత కుటుంబాలు ఎక్కువ. సొంతూరికి వెళ్లాలంటే కొందరికి హైదరాబాద్ విమానమే దారి. రెండు విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 740 కిలోమీటర్లు. భూగోళపు వంపు మీద కొలిచే అతి దగ్గరి దారి ఇది. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరమంటారు.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే గంటలోపే దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం సుమారు గంటన్నర ఉంటుంది!

టికెట్‌పై వేసేది బ్లాక్ టైమ్. చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా పట్టే సమయమిది. రన్‌వే దాకా నేలపై కదలడం, పైకెక్కడం, కిందికి దిగడం, రద్దీ ఉంటే ఆకాశంలో చక్కర్లు, అన్నీ ఇందులోనే. శీతాకాలంలో పైనుండే పడమటి గాలి హైదరాబాద్ వెళ్లేటప్పుడు తోస్తుంది, తిరుగు ప్రయాణంలో అడ్డుపడుతుంది.

గోడాదరా నుంచి విమానాశ్రయానికి ట్రాఫిక్‌లో పట్టే సమయం ఏ బ్లాక్ టైమ్‌లోనూ ఉండదు.