వాన రాకపోతే క్షామం వచ్చి తీరాలా?

వానలు కురవకపోతే ఏమవుతుంది? “పంటలు పండవు” అని మీరు వెంటనే చెబుతారు. నిజమే. కాని కథ అక్కడితో ఆగదు. అనావృష్టి ఒక దేశాన్ని ఎలా పట్టి పీడిస్తుందో తెలియాలంటే మనం అరేబియా సముద్రం దాటి సొమాలియా వెళ్ళాలి.

ఆఫ్రికా పటం తీసి చూడండి. తూర్పున కొమ్ములా సముద్రంలోకి పొడుచుకు వచ్చిన భాగం కనిపిస్తున్నదా? అదే సొమాలియా. అక్కడ వానకాలాలు రెండు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు కురిసే వానలను ‘గు’ అనీ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలను ‘డేయర్’ అనీ అంటారు. 2020 చివర మొదలుకొని 2022 చివరి దాకా, వరసగా అయిదు వానకాలాలు తప్పిపోయాయి. నలభై ఏళ్ళలో అక్కడ అంతటి అనావృష్టి లేదు.

మేఘాలు ఎందుకు రాలేదు?

ఆ కాలంలో పసిఫిక్ మహాసముద్రంలో ‘లా నినా’ నడిచింది. అంటే ఆ సముద్రం మధ్యన, తూర్పున నీరు మామూలుకన్న చల్లబడింది. వెచ్చని నీరు పడమటికి, ఇండొనీషియా వైపు పోగయింది. అక్కడ వేడిగాలి పైకి లేచి వానలు కురిపించింది. పైకి లేచిన గాలి ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి కదా! అది తూర్పు ఆఫ్రికా మీద దిగింది. అలా దిగే గాలి పొడిగా ఉండి మేఘాలను కట్టనీయదు. దీనికి తోడు భూమి వేడెక్కుతున్నది. నేలలో మిగిలిన కాస్త తడి కూడా త్వరగా ఆవిరైపోతున్నది.

గడ్డి నుంచి పసిపిల్ల దాకా

సొమాలియాలో ఎందరో పశువులను మేపుకొని బతుకుతారు. పాలు వారి పిల్లలకు ముఖ్యమైన ఆహారం. గడ్డి ఎండగానే ముందు ఆవులు చచ్చిపోతాయి. తరువాత గొర్రెలు. మేకలు ముళ్ళకంపలు కొరుక్కుంటూ ఇంకొన్నాళ్ళు నిలుస్తాయి. ఒంటెలది ఆఖరి వంతు. పశువుతో పాటే పాలు పోతాయి.

మిగిలిన మేకలను అమ్మి జొన్నలు కొనవచ్చు గదా అంటారా? అందరూ ఒకేసారి సంతకు తోలుకొస్తే బక్కచిక్కిన మేకకు ధర ఏం పలుకుతుంది? జొన్నల ధర మాత్రం పెరిగిపోతుంది. అంగట్లో గింజలున్నా కొనడానికి చేతిలో డబ్బుండదు. అలా ఊళ్ళు వదిలి శిబిరాలకు చేరినవారు 10 లక్షలకు పైమాటే. కిక్కిరిసిన గుడారాల్లో మంచినీళ్ళు చాలవు. తిండిలేక నీరసించిన పిల్లలకు తట్టు, కలరా సోకితే తట్టుకోలేరు.

నేల కూడా జబ్బు పడుతుంది. బతుకుతెరువు లేనివారు తుమ్మ జాతి చెట్లు కొట్టి బొగ్గు కాలుస్తారు. చెట్టు పోతే మట్టిని పట్టి ఉంచే వేరు పోతుంది. 2023 చివర వానలు అతిగా వచ్చాయి. గట్టిపడిన నేల నీటిని పీల్చుకోలేకపోవడం కూడా వరదలకు తోడయింది. వంద మందికి పైగా చనిపోయారు.

మీరే చేసి చూడండి

రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో మట్టిని బాగా దిమ్మిస చేసి ఎండబెట్టండి. రెండోదానిలో గడ్డి మొలిచిన మట్టిపెళ్ళ పెట్టండి. రెంటినీ కొంచెం వాలుగా ఉంచి, చెరొక గ్లాసు నీళ్ళు గబగబా పోయండి. ఏ డబ్బా నుంచి నీళ్ళు ఎక్కువగా బయటికి జారాయి? ఏ నీళ్ళు బురదగా ఉన్నాయి?

రెండుకూ అయిదుకూ తేడా

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. 2011లో సొమాలియాలో తప్పినవి వరసగా రెండే వానకాలాలు. అయినా క్షామం వచ్చి సుమారు 2 లక్షల 60 వేల మంది చనిపోయారు. వారిలో సగం మంది అయిదేళ్ళు నిండని పిల్లలు. 2022 నాటికి అయిదు వానకాలాలు తప్పినా, క్షామం వచ్చిందని ప్రకటించవలసిన స్థితి రాలేదు. ఎందుకని?

2011లో యుద్ధం వల్ల తిండిగింజలు ఆకలిగొన్నవారికి చేరలేదు. లోకం కూడా ఆలస్యంగా మేలుకొన్నది. రెండోసారి గింజలు, డబ్బు, మంచినీళ్ళు ఎక్కువమందికి అందాయి. అందరికీ అందలేదు. 2022లో 43 వేల మంది అదనంగా చనిపోయి ఉంటారని అంచనా.

వాన రాకపోవడం అనావృష్టి. తిండి అందకపోవడం క్షామం. మొదటిదాన్ని మనం ఆపలేము. కాని సముద్రపు వేడిని కొలిచి, లా నినా వస్తున్నదని శాస్త్రజ్ఞులు కొన్ని నెలల ముందే చెప్పగలుగుతున్నారు. ఆ కబురు విన్నవాళ్ళు వెంటనే గింజలు పంపితే, రెండోదాన్ని ఆపవచ్చు.