బొమ్మల బోర్డు ఇస్తే పిల్లలకు మాటలు రావా? ఏఏసీ గురించి తెలుసుకోండి

బాబుకు నాలుగేళ్లు నిండాయి. ఇంకా మాటలు రాలేదు. దాహం వేసినా ఏడుపే, కడుపు నొప్పి వచ్చినా ఏడుపే. బొమ్మల బోర్డు వాడదామని స్పీచ్ థెరపిస్ట్ అన్నారు. ‘దానికి అలవాటు పడితే ఇక నోరు తెరవడేమో’ అని ఇంట్లో భయం. ఇందులో నిజమెంత?

ఏఏసీ అంటే ఏమిటి?

మాటకు తోడుగానో, మాటకు బదులుగానో వాడే పద్ధతులనే ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ (ఏఏసీ) అంటారు. సైగలు, బొమ్మల కార్డులు, అక్షరాల చార్టు, తాకితే మాట పలికే యాప్‌లు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో పాటు పక్షవాతంతో మాట పోయిన పెద్దలకూ ఇవి పనికొస్తాయి.

పరిశోధనలు ఏం తేల్చాయి?

మిల్లర్, లైట్, ష్లాసర్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఏఏసీ వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. 89 శాతం మందిలో మాట పెరిగింది, మిగతావారిలో మార్పు లేదు. అయితే ఆ పెరుగుదల కొద్దిపాటిదే. అంటే బోర్డు మాటకు అడ్డు కాదు. అలాగని మాట తెప్పించే మంత్రమూ కాదు.

అన్నింటినీ నమ్మొచ్చా?

నమ్మకూడదు. ‘ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్’లో సహాయకులు చేయి పట్టుకుని టైప్ చేయిస్తారు. పరీక్షించి చూస్తే ఆ మాటలు సహాయకులవేనని తేలింది. దీన్ని వాడొద్దని అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం ‘ఆషా’ 2018లో స్పష్టం చేసింది.

పరిశోధన ఒక్కటే చాలా?

చాలదు. థెరపిస్ట్ అనుభవం, కుటుంబం అవసరాలు కూడా కలవాలి. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడుతుంటే, ఇంగ్లిష్ బోర్డుతో బాబు నానమ్మను మంచినీళ్లు ఎలా అడుగుతాడు?

ఎక్కడ సంప్రదించాలి?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ‘కమ్యూనికేషన్’ నిర్వచనంలో ఏఏసీ పద్ధతులను కూడా చేర్చింది. ముందుగా మీ జిల్లాలోని ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రంలో (డీఈఐసీ) అడగండి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఐఐటీ బాంబే రూపొందించిన ‘జెల్లో’ యాప్ ఉచితం.

థెరపిస్ట్‌ను ఇవి అడగండి

• మా బాబుకు ఈ పద్ధతే ఎందుకు? రుజువేంటి?
• మూడు నెలల్లో ఏ మార్పు రావాలి? ఎలా లెక్కిస్తారు?
• మార్పు రాకపోతే ఏం చేస్తారు?
• ఇంట్లో మేమేం చేయాలి?

మాటలు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ‘నొప్పి’ బొమ్మను చూపించగలిగితే, బాబు ఎందుకు ఏడుస్తున్నాడో ఈరోజే తెలుస్తుంది.