చేట చెవులకు ఆపరేషన్ - ఎప్పుడు? ఎవరికి?

వినాయకుడి పదహారు నామాల్లో ‘శూర్పకర్ణుడు’ ఒకటి. చేటల వంటి చెవులు కలవాడని అర్థం. దేవుడికి ఆ చెవులు శోభే. కాని బడిలో తోటిపిల్లలు ‘చేట చెవులోడా’ అని రోజూ ఏడిపిస్తుంటే ఏడేళ్ల పిల్లవాడికి అది శోభగా తోచదు. జుట్టు పెంచి చెవులు కప్పుకుంటాడు. క్షవరం అంటే ఏడుస్తాడు. ఆడపిల్ల అయితే చెవులు కనబడేలా జడ వేయించుకోనంటుంది. ‘పెద్ద చెవులుంటే అదృష్టం’ అని బామ్మగారు ఎంత సముదాయించినా ఆ బాధ తీరదు. మీ ఇంట్లో ఇటువంటి పిల్లలుంటే ఈ సంగతులు తెలుసుకోండి.

ఇది జబ్బా?

కాదు. వినికిడికీ దీనికీ సంబంధం లేదు. మీ చెవి డొప్పను వేలితో తడిమి చూడండి. అంచుకు కాస్త లోపలగా మరొక మడత తగులుతుంది. చర్మం కింద ఉండే మృదులాస్థి, అంటే మెత్తని ఎముక, అక్కడ వంగి ఉంటుంది. తల్లి గర్భంలో ఆ మడత సరిగా ఏర్పడకపోతే చెవి ముందుకు తెరుచుకుని నిలబడుతుంది. మరికొందరిలో చెవి రంధ్రం చుట్టూ ఉండే గిన్నె వంటి భాగం లోతు ఎక్కువై, చెవిని తలకు దూరంగా నెడుతుంది. ఇది తరచు వంశంలో వస్తుంది. మాస్టారు చెవి మెలిపెట్టినందువల్ల రాదు.

చెవి బాగా చిన్నదిగా ఉండటం, అసలు ఏర్పడకపోవడం వేరే విషయం. అటువంటి బిడ్డకు వినికిడి పరీక్ష తప్పక చేయించాలి.

కత్తి అక్కరలేని రోజులు

పుట్టిన కొత్తలో బిడ్డ రక్తంలో తల్లి నుంచి వచ్చిన హార్మోను ఉండటం వల్ల ఈ మృదులాస్థి మైనంలా వంగుతుంది. మొదటి రెండు మూడు వారాల్లోనే డాక్టరుకు చూపిస్తే, చిన్న అచ్చు అమర్చి, కొన్ని వారాలు ఉంచి, ఆపరేషన్ లేకుండానే చెవిని సరిదిద్దవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గిపోతుంది. ఇంట్లో మీరే ప్లాస్టరు అంటించడం, గుడ్డతో బిగించి కట్టడం చేయకండి. లేత చర్మం పుండు పడుతుంది. పెద్ద పిల్లలకు కట్లు కట్టినా ఉపయోగం లేదు.

ఆపరేషన్ ఎప్పుడు?

అయిదారేళ్లు వచ్చేసరికి చెవి నూటికి 85 వంతులకు పైగా పెరిగిపోతుంది. అందుచేత ఆ వయసు దాటాక చేయించవచ్చు. పెద్దవాళ్లు ఏ వయసులోనైనా చేయించుకోవచ్చు. అయితే అసలు ప్రశ్న వయసు కాదు, బాధ ఎవరిది అన్నది. పిల్లవాడు తన చెవుల గురించి పట్టించుకోకుండా ఆడుకుంటుంటే, మీకు బాగా లేదనో, చుట్టాలు అన్నారనో ఆపరేషన్‌కు తీసుకువెళ్లకండి. తనంతట తాను కావాలన్న పిల్లవాడు కట్టు విప్పుకోకుండా సహకరిస్తాడు, ఫలితం చూసి సంతోషిస్తాడు.

ఎలా చేస్తారు?

అందం కోసం చెవులు సరిదిద్దే ఆపరేషన్‌ను 1881లో న్యూయార్కులో ఈలై అనే డాక్టరు చేశారు. 1963లో ముస్టార్డే అనే సర్జను, లోపల కుట్లు వేసి మృదులాస్థిలో మడత తీసుకువచ్చే పద్ధతిని ప్రచురించారు. నేటికీ ఆ పద్ధతి వాడుకలో ఉంది. చెవి వెనుక కోస్తారు కనుక మచ్చ సాధారణంగా బయటికి కనబడదు. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. పెద్దవాళ్లకు ఆ చోట మాత్రం తిమ్మిరి ఎక్కించి చేయవచ్చు. ఒకటి రెండు గంటల పని.

చెవులు కుట్టించినప్పుడు గడ్డలా ఉబ్బిన మచ్చ ఏర్పడిందా? అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ కోత దగ్గర కూడా అలాగే రావచ్చు.

తర్వాత జాగ్రత్తలు

కట్టు సుమారు వారం ఉంటుంది. తర్వాత నెల, నెలన్నర రాత్రిళ్లు తలపట్టీ కట్టుకోవాలి. అన్నాళ్లూ కబడ్డీ, కుస్తీ వద్దు. ఒక చెవిలో హఠాత్తుగా నొప్పి పెరిగినా, కట్టు రక్తంతో తడిసినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు. లోపల రక్తం గడ్డకట్టి నిలిచినా, చీము పట్టినా మృదులాస్థి దెబ్బతిని చెవి ముడుచుకుపోతుంది.

అందుకే దూరాన ఉన్నవాళ్లకు ఒక మాట. మహబూబాబాద్ జిల్లాలో అడవుల నడుమ ఉన్న గంగారం వంటి ఊరి నుంచి వరంగల్ చేరాలంటే కొత్తగూడ, నర్సంపేట దాటి రావాలి. రాత్రివేళ నొప్పి మొదలైతే ఆ ప్రయాణం తేలిక కాదు. అటువంటివారు ఆపరేషన్ అయిన వెంటనే ఊరికి బయలుదేరకండి. మొదటి కట్టు మార్చేవరకు పట్నంలో బంధువుల ఇంట్లోనైనా ఉండండి. బడి పోకుండా వేసవి సెలవుల్లో పెట్టుకోండి.

ముందుగా వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం వారి సలహా తీసుకోవచ్చు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. అందం కోసం చేసే ఆపరేషన్ల ఖర్చు సాధారణంగా బీమా పథకాల కిందికి రాదు కనుక ముందే కనుక్కోండి.

రెండు చెవులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తాయని ఆశించకండి. పుట్టుకతో ఎవరికీ అలా ఉండవు. కొందరిలో చెవి కొంత మళ్లీ ముందుకు రావచ్చు. ఆపరేషన్ చేయించినా, మానినా, ఇంట్లో మాత్రం పిల్లవాణ్ణి ఆ పేరుతో పిలవడం ఈరోజే మానేయండి.