మారథాను పరుగులో ఒక్క మైలు



మన పెద్దలు దూరమును ఆమడలలో లెక్కించెడివారు. ఆమడకు ఎనిమిది మైళ్లని పట్టినచో, మారథాను పరుగుపందెపు దూరము మూడు ఆమడలు దాటి మరి రెండు మైళ్లు. సరిగా చెప్పవలెనన్న 26 మైళ్ల 385 గజములు. తెల్లవారి బయలుదేరిన మనిషి నడుమ ఎక్కడను ఆగక నడచినను ఏడెనిమిది గంటలు పట్టు దారి యిది. దీనిని రెండు గంటలకు స్వల్పము పైగా పరుగెత్తినవారు కలరని మీరు వినియుందురు. నేనిప్పుడు చెప్పదలచినది ఆ మొత్తపు కాలమును గూర్చి కాదు. ఇన్ని మైళ్లలో ఏదో యొక మైలును పందెగాడు తక్కినవానికంటె వేగముగ పరుగెత్తును గదా, ఆ మైలును గూర్చి. అది యెన్నవ మైలు? దానివలన వానికి కలుగు లాభమేమి, నష్టమేమి?

1908 జూలై 24వ తేదీన లండనులో జరిగిన ఒలింపిక్ పందెముతో మొదలుపెట్టుదము. ఈ విచిత్రమైన దూరము పుట్టినది ఆనాడే. విండ్సరు కోటకడ మొదలై, లండను క్రీడారంగమున రాజకుటుంబము కూర్చుండు స్థలము నెదుట ముగియునట్లు బాటను నిర్ణయింపగా అంత లెక్క తేలినది. 1921లో దానినే ఎల్ల దేశములకును స్థిరపరచిరి. నాడు ఎండ తీవ్రముగా నుండెను. అయినను టామస్ జాక్ అను బ్రిటిషు పందెగాడు మొదటి మైలును 5 నిమిషముల 1 సెకండు చిల్లరలో దాటెను. వెనుక వచ్చువారును ఆ వేగమునకే లోబడిరి. కొన్ని మైళ్లకే జాక్ పందెము విడిచెను. కడపట గెలుపు పొందిన అమెరికావాడు జాన్ హేస్ సగటున మైలుకు 6 నిమిషముల 41 సెకండులు తీసికొనెను. అనగా జాక్ మొదటి మైలు, గెలిచినవాని సగటుకంటె 100 సెకండులు ముందు! ఇటలీవాడు డొరాండో పియెట్రి అందరికంటె ముందుగా క్రీడారంగమున ప్రవేశించెను గాని, తెలివి తప్పి, ఎటు పోవలెనో తెలియక, పలుమారులు క్రింద పడెను. అధికారులు చేయి యిచ్చి లేపి గమ్యము దాటించిరి. ఆ సాయము కారణముగనే అతని గెలుపు చెల్లదయ్యెను. మరునాడు రాణి అలెగ్జాండ్రా అతనికి వెండిగిన్నె నొకదానిని బహూకరించెనుగాని, పతకము మాత్రము హేస్‌దే.

ఇట్లేల జరుగును? మన దేహమున కండరములలోను కాలేయములోను గ్లైకోజన్ అను ఒకవిధమగు చక్కెర నిలువయుండును. ఇది గాదెలోని ధాన్యము వంటిది. కొవ్వు వేరొక నిలువ. అది విస్తారముగ నున్నను వేగముగ ఖర్చునకు రాదు. పరుగు వేగము హెచ్చినకొలది దేహము కొవ్వును విడిచి చక్కెరనే యెక్కువగ వాడుకొనును. కావున మొదటి మైలున చేసిన దుబారా అప్పటికి తెలియదు. ఇంచుమించు ఇరువదవ మైలున గాదె అడుగు కనబడును. అప్పుడు కాళ్లు మనవి కావు.

ఇచ్చట మనదేశపు ముచ్చట యొకటి చెప్పవలెను. 1978లో జలంధరు నగరమున బీహారుకు చెందిన శివనాథ్ సింగ్ ఈ పందెమును 2 గంటల 12 నిమిషములలో ముగించెను. పాదరక్షలు లేకయే పరుగెత్తుటకు పేరుపొందినవాడాయన. ఆయన కాలమును 26 మైళ్ల 385 గజములకు పంచి చూచితిని: మైలుకు 5 నిమిషముల 2 సెకండులు వచ్చినది. జాక్ ఏ వేగముతో ఒక్క మైలు పరుగెత్తి పిమ్మట కూలబడెనో, ఇంచుమించు ఆ వేగముతోనే శివనాథ్ సింగ్ మొత్తము పరుగెత్తెనన్నమాట.

ఇక అత్యంత వేగమైన మైలు ఏది యని యడిగినవారికి ఉత్తరము చెప్పుట సులభము కాదు. మొదటి చిక్కు బాట పల్లము. అమెరికాలోని బోస్టను పందెమున ఆరంభస్థలము గమ్యముకంటె సుమారు 140 మీటరులు ఎత్తున నున్నది. మొదటి మైలే దిగుడు. ఇరువది మైళ్లు దాటిన పిమ్మట ఒక మిట్ట యెక్కి, వెంటనే మరల దిగవలెను. అట్టి దిగుడున వచ్చిన కాలమును చదును నేలమీది కాలముతో పోల్చుట న్యాయము కాదు. కిలోమీటరుకు సగటున ఒక మీటరుకంటె మించి పల్లమున్న బాటమీది కాలము ప్రపంచ రికార్డునకు చెల్లదని నిబంధన యందులకే.

రెండవ చిక్కు కొలత. మొత్తము బాటను సరిచూచిన సైకిలుచక్రముతో, మలుపులలో అతిదగ్గర దారి పట్టి కొలుతురు. కాని నడుమ నాటు మైలు గుర్తులకు ఎల్లచోట్ల అంత శ్రద్ధ యుండదు. గుర్తును ఏ దీపస్తంభమునకో కట్టివేయుటయు కలదు. నాలుగున్నర నిమిషములకు మైలు పరుగెత్తువాడు సెకండుకు ఆరున్నర గజములు పోవును. గుర్తు ఇరువది గజములు ఇటు జరిగినచో మైలుకు మూడు సెకండులు ఊరకయే తగ్గిపోవును! నా మట్టుకు నేను ఒంటిమైలు లెక్కలకంటె, ఐదేసి కిలోమీటరులకు నేలపై పరచిన యంత్రపు చాపలు తెలుపు లెక్కలనే యెక్కువగ నమ్ముదును.

అట్టి లెక్కలలో ఆశ్చర్యకరమైనది 2023 అక్టోబరు 8వ తేదీన చికాగో నగరమున కనబడినది. కెన్యాదేశపు కెల్విన్ కిప్టమ్ ఆనాడు 2 గంటల 35 సెకండులలో పందెము ముగించి అంతకుముందున్న ప్రపంచ రికార్డును దాటెను. బాట చదునైనది. మైలుకు సగటు 4 నిమిషముల 36 సెకండులు. మొదటి సగము 60 నిమిషముల 48 సెకండులు, రెండవ సగము 59 నిమిషముల 47 సెకండులు. 30వ కిలోమీటరు నుండి 35వ కిలోమీటరు వరకు ఆయనకు పట్టినది 13 నిమిషముల 51 సెకండులు. మైలుకు 4 నిమిషముల 27 సెకండుల చిల్లర. ఎక్కడ ఇతరుల గాదె అడుగంటునో సరిగా అక్కడనే ఆయన వేగము పెంచెను. అయినను ఆ పెంపు తన సగటుకంటె మైలుకు ఎనిమిది, తొమ్మిది సెకండులు మాత్రమే యని గమనింపుడు. జాక్ మొదటి మైలు నాటి నూరు సెకండుల ప్రక్కన దీనిని ఉంచి చూడుడు. పోటీవానిని వదలించుకొనుటకు ఆ కొద్దిపాటి పెంపే చాలినది.

కిప్టమ్ తన జీవితమున పరుగెత్తిన మారథానులు మూడే: 2022లో వలెన్సియా, 2023లో లండను, చికాగో. మూడింటను ఆయనదే గెలుపు. 2024 ఫిబ్రవరి 11వ తేదీ రాత్రి కెన్యాలో మోటారు ప్రమాదమున తన శిక్షకునితో కూడ మరణించెను. అప్పటికాయన వయస్సు 24 సంవత్సరములు.