ఏకపాత్ర నాటకం: సముద్ర విపత్తును వేదికపైకి తేవడం

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు
• కథాగానానికీ ఏకపాత్ర నాటకానికీ గల తేడా చెప్పగలుగుతారు.
• వేదికపై లేని మనుషులను ఒక్క నటుడు ఎలా చూపుతాడో వివరించగలుగుతారు.
• నిజంగా జరిగిన విపత్తును నాటకంగా రాసేవారి బాధ్యతను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
పల్నాడు విద్యార్థులకు కారంపూడి వీరారాధన ఉత్సవాలు తెలిసే ఉంటాయి. అక్కడ వీరగాథ పాడే ప్రధాన కథకుడు ఒకసారి బ్రహ్మనాయుడుగా, మరుక్షణం నాగమ్మగా మాట్లాడి, మళ్లీ కథకుడై కథ నడుపుతాడు. హరికథలో హరిదాసు చేసేదీ ఇదే. రెండింటిలోనూ చెప్పేవాడు కథకు బయట ఉంటాడు. ఏకపాత్ర నాటకంలో చెప్పేవాడే పాత్ర. ‘అతడు పడవ ఎక్కాడు’ అనడు, ‘నేను పడవ ఎక్కాను’ అంటాడు. కళాశాలల్లో వేసే దుర్యోధన ఏకపాత్రాభినయం పెద్ద కథలోంచి తీసిన ఒక ఘట్టం. ఏకపాత్ర నాటకం మాత్రం మొదలూ తుదీ ఉన్న పూర్తి నాటకం.

సముద్రాన్ని వేదికపై కట్టలేం. బతికి వచ్చినవాడి జ్ఞాపకాన్ని నిలబెట్టగలం. అందుకే సముద్ర విపత్తుల కథలకు ఈ రూపం బాగా నప్పుతుంది.

2. ఒక ఉదాహరణ
ఐర్లండ్ నటుడు ఏడన్ డూలీ, తమ దేశపు నావికుడు టామ్ క్రీన్‌పై ఏకపాత్ర నాటకం రాసి, తానే నటిస్తూ అనేక దేశాల్లో ప్రదర్శించాడు. క్రీన్ పనిచేసిన ఎండ్యూరెన్స్ ఓడ 1915లో అంటార్కిటికా సముద్రపు మంచులో చిక్కి, నలిగి, నవంబరులో మునిగిపోయింది. ఓడలోని 28 మంది చివరికి ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడినుంచి షాకిల్టన్ నాయకత్వంలో క్రీన్ సహా ఆరుగురు 1916 ఏప్రిల్ 24న సుమారు 22 అడుగుల పడవలో సహాయం కోసం బయలుదేరారు. దాదాపు 1,300 కిలోమీటర్లు ప్రయాణించి మే 10న దక్షిణ జార్జియా దీవిలో దిగారు. ఎలిఫెంట్ దీవిలో ఎదురుచూస్తున్న 22 మందినీ ఆగస్టు 30న రక్షించారు.

3. లేనివారిని చూపడం
ఇలాంటి నాటకంలో నటుడికి మూడు ఆధారాలుంటాయి.
అ) చూపు: ఎదుటివాడు నిలబడిన చోటును నటుడి చూపు నిర్ణయిస్తుంది. ఆ చోటు మారితే ప్రేక్షకుడు తికమకపడతాడు.
ఆ) గొంతు: నాయకుడి మాటకు ఒక తీరు, తోటి నావికుడి మాటకు మరో తీరు ఉండాలి. అనుకరణ మితిమీరితే విషాదం హాస్యమవుతుంది.
ఇ) వస్తువు: ఒక తాడే మొదట తెరచాపది, తరవాత మంచుకొండ దిగే ఆధారం కావచ్చు.

4. మౌనాన్ని పలికించడం
క్రీన్ ఆత్మకథ రాయలేదు. నౌకాదళం వదిలి స్వగ్రామం అనస్కాల్‌లో ‘సౌత్ పోల్ ఇన్’ పేరుతో మద్యశాల నడిపి 1938లో మరణించాడు. తన యాత్రల గురించి అరుదుగా మాట్లాడేవాడని చెబుతారు. అలాంటివాడిచేత వేదికపై ‘నేను’ అనిపించడం రచయిత చేసే కల్పన. తేదీలు, మనుషుల సంఖ్య, ప్రయాణ మార్గం చరిత్రకు లోబడాలి. మనసులోని మాట కల్పించవచ్చు గానీ చేయని సాహసాన్ని అంటగట్టకూడదు. తోటివారి శ్రమనంతా నాయక పాత్రకే కట్టబెట్టడం కూడా అసత్యమే.

5. మన తీరానికి అన్వయం
1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో సముద్రం ఉప్పెనై దివిసీమ గ్రామాలను ముంచింది. వేల మంది మరణించారు. దీనిపై ఏకపాత్ర నాటకం రాస్తే ‘నేను’ ఎవరు కావాలి? చెట్టు పట్టుకుని బతికిన తల్లా, మరునాడు శవాలను మోసిన యువకుడా? ఈ ఎంపికతోనే నాటకం ఏమేమి చూపగలదో తేలిపోతుంది. ఆ మనిషి చూడనిది, వినితెలుసుకోనిది నాటకంలోకి రాదు. ఆ రాత్రిని తట్టుకున్నవారు, వారి పిల్లలు ప్రేక్షకుల్లో ఉండవచ్చునని కూడా రచయిత గుర్తుంచుకోవాలి.

సారాంశం
ఏకపాత్ర నాటకంలో వేదికపై ఉన్నది ఒక్కరే అయినా, కథ ఒక్కరిది కాదు. తిరిగివచ్చినవాడి మాటల్లో తోటివారందరికీ తగిన చోటు దక్కినప్పుడే అది నిజాయితీగల నాటకం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. హరికథకుడికీ ఏకపాత్ర నటుడికీ ప్రధానమైన తేడా ఏమిటి?
2. చరిత్రకు లోబడవలసిన అంశాలు, కల్పించదగిన అంశాలు ఏవి?
3. మీ ప్రాంతంలో వరదనో తుఫానునో తట్టుకున్న ఒకరిని ఊహించి, ‘నేను’తో మొదలయ్యే పది వాక్యాల సంభాషణ రాయండి.