అడ్డపొగ: నాన్నమ్మ అడిగిన ప్రశ్న

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గాని, ఇతర జిల్లాలనుంచి వచ్చిన మిత్రుల కోసం ముందుగా అడ్డపొగ అంటే ఏమిటో చెప్పాలి. చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని, రెండో కొస బయటికి వుంచి పీల్చటమే అడ్డపొగ. అంటే నిప్పు నోట్లో వుంటుందన్నమాట. హాస్టల్లో ఈ మాట చెబితే నా రూమ్మేటు నమ్మలేదు. "నాలిక కాలదా?" అంది. అలవాటైనవాళ్లకి కాలదు. మా నాన్నమ్మ అలా చుట్ట పెట్టుకునే ఊడుపుల్లో వంగి నాట్లు వేసేది, పక్కవాళ్ల కబుర్లకి "ఊఁ" కొట్టేది. గాలికీ వానకీ నిప్పు ఆరదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. మా వైపు మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. తల్లిని చూసి కూతురు నేర్చుకునేది. ఇప్పుడు నా వయసు ఆడపిల్లలు ఎవరూ తాగటం నేను చూడలేదు, పెద్దవాళ్లు మాత్రం మానలేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఊరికి పళ్ల డాక్టర్లు వచ్చి క్యాంపు పెట్టారు. నాన్నమ్మని బతిమాలి తీసుకెళ్లాను. డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసి, నన్ను కూడా చూడమంది. నోటి పైకప్పు, అదే అంగిలి, తెల్లగా మందంగా సున్నం కొట్టినట్టు వుంది. అందులో అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. ఆ చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్లట, వేడికీ పొగకీ వాచిపోయి అలా కనిపిస్తాయట. "ఇది క్యాన్సరు కాదు. కాని ఇలాంటి నోట్లో క్యాన్సరు వచ్చే ముప్పు ఎక్కువ. చుట్ట మానెయ్యాలి, మూడు నెలలకోసారి చూపించాలి" అన్నది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చాక నాన్నమ్మ వీధి అరుగు మీద కూర్చుని నన్ను అడిగింది: "ఏటే గుంటా, సైన్సు సదూతున్నావు గదా. మాయమ్మ తాగింది, మాయత్త తాగింది, ఊరంతా తాగింది. మాయత్తకి ఎనబై దాటీసినా ఏటీ రానేదు. మరందరికీ ఎందుకు రానేదో సెప్పు."

నేను జవాబు చెప్పలేకపోయాను. సెలవులయ్యాక మా జువాలజీ లెక్చరర్ గారిని అడిగి, లైబ్రరీలో కూర్చుని చదివితే ఒకటి తెలిసింది. నాన్నమ్మ అడిగిన ప్రశ్న వెర్రి ప్రశ్నేమీ కాదు. వైద్య పరిశోధనలో ఒక పెద్ద శాఖ అంతా దానిచుట్టూనే తిరుగుతూ వుంది.

రైతు బిడ్డలకి ఒక్క మాటలో చెప్పొచ్చు. యూరియా మోతాదు మించి చల్లిన మడికి అగ్గితెగులు ఎక్కువ వస్తుందని మా నాన్న చెబుతారు. ఎక్కువ చల్లిన ప్రతి మడికీ వస్తుందా? రాదు. తక్కువ చల్లిన మడికి అసలు రాదా? ఒక్కోసారి వస్తుంది. అయినా మా నాన్న మోతాదు మించి చల్లరు. ఎందుకంటే ఆయన చూసేది ఒక్క మడిని కాదు, ఊరి పొలాలన్నిటినీ, ఎన్నో ఏళ్లుగా. ముప్పు అంటే ఇదే. ఒక మనిషికి జబ్బు వస్తుందో రాదో అది చెప్పదు. అలవాటు వున్న వెయ్యిమందిలో ఎంతమందికి వచ్చింది, లేని వెయ్యిమందిలో ఎంతమందికి వచ్చింది అని లెక్కపెట్టి పోల్చి చెబుతుంది. నాన్నమ్మ అత్తగారు ఎనభై ఏళ్లు బతికినా ఆ లెక్క తప్పయిపోదు.

మరి లెక్క ఎవరు పెట్టారు? ఇక్కడే నేను ఆశ్చర్యపోయాను. మా జిల్లాలోనే పెట్టారు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు, అంటే అణుశాస్త్రానికి పేరుపడ్డ ఆ సంస్థే, దంత పరిశోధన విభాగం ఒకటి నడిపేవారు. ఆ విభాగానికి చెందిన ఫాలీ మెహతా, డెన్మార్కుకు చెందిన జెన్స్ పిండ్‌బోర్గ్, వారి బృందం 1960 దశకం రెండో సగంలో దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకున్నారు: గుజరాత్‌లో భావ్‌నగర్, కేరళలో ఎర్నాకుళం, అప్పటి బీహారులో సింగ్‌భూమ్, దర్భంగా, మన ఆంధ్రలో శ్రీకాకుళం. ఒక్కో జిల్లాలో సుమారు పదివేలమంది, మొత్తం 50,915 మంది పల్లెవాసుల నోళ్లు ఇల్లిల్లూ తిరిగి పరీక్ష చేశారు. ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే చూస్తే సరిపోదు, ఎందుకంటే జబ్బు లేనివాళ్లు అక్కడికి రారు గదా. అందుకే ఇళ్లకే వెళ్లారు.

మా జిల్లాలో చూసినవాళ్లు 10,169 మంది. వాళ్లలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవాళ్లు! ఈ ఫలితాలు 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చయ్యాయి. మా జిల్లా పేరు విదేశీ పత్రికలో చూసి సంతోషపడాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు.

దేశంలో తక్కిన చోట్ల నోటి క్యాన్సరు ఎక్కువగా బుగ్గలోనో నాలిక మీదో వస్తుంది. పొగాకు ముద్ద బుగ్గన పెట్టుకునే చోట బుగ్గలో వస్తుంది. అంగిలికి రావటం అరుదు. మా వైపు మాత్రం అంగిలికే వస్తుంది, నిప్పు సరిగ్గా దాని కింద వుంటుంది కాబట్టి. కొలంబియా, పనామా, ఇటలీలోని సార్డీనియా దీవి, ఫిలిప్పీన్స్‌లో కూడా నిప్పు లోపల పెట్టుకుని తాగేవాళ్లు వున్నారని చదివాక, మనవాళ్లే వింత మనుషులు కారని కాస్త ఊరట కలిగింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, నాకూ వచ్చింది. అడ్డపొగ తాగేవాళ్లు చాలామంది పేదవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు. వాళ్ల తిండి చాలదు. జబ్బుకి తిండి కారణం కాకూడదా? అనుమానం సరైనదే. దీనికి జవాబు కూడా పోలికలోనే వుంది. అదే ఊళ్లో, అదే నీళ్లు తాగి, అదే గంజి తిని, చుట్టని మామూలుగా, నిప్పు బయటికి పెట్టి తాగేవాళ్లూ వున్నారు. వాళ్ల అంగిలి మీద మార్పులు అడ్డపొగ వాళ్లకన్నా చాలా తక్కువ. తేడా అంతా నిప్పు ఏ వైపు వుందన్నదే.

కొన్నేళ్ల ముందు లండన్‌లోనూ ఇలాగే జరిగింది. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సరు పెరిగిపోతుంటే రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు కారణం వెతికారు. డాల్ మొదట అనుమానించింది రోడ్లకు పోసే తారుని. ఆసుపత్రుల్లో రోగులనూ, ఆ జబ్బు లేనివాళ్లనూ ప్రశ్నలడిగి పోలిస్తే తేలింది సిగరెట్టు. 1950లో ఆ ఫలితం ప్రకటించారు. డాల్ తన సిగరెట్టు తను మానేశాడు.

ముప్పు పెంచేది దొరికింది సరే, తగ్గించేది ఏది? ఇది అంత తేలిక కాదు. ఆకుకూరలు, పళ్లు బాగా తినేవాళ్లకి క్యాన్సరు తక్కువని చాలా పరిశీలనల్లో కనిపించింది. కాబట్టి వాటిలో వుండే బీటా కెరోటిన్‌ని బిళ్లలుగా ఇస్తే మంచిదని అందరూ అనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. బిళ్లలు మింగినవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సరు నూటికి 18 పాళ్లు ఎక్కువైంది! అందరూ నమ్మిన విషయం తలకిందులైంది. ఆకుకూర తినేవాడికీ తిననివాడికీ మధ్య తేడా ఒక్క కెరోటిన్ కాదు, ఇంకా ఎన్నో వుంటాయి. మందుల షాపులో బలం బిళ్లలు కొనేటప్పుడు ఈ కథ గుర్తుకొస్తే మంచిదే.

అలాగని అన్నీ వమ్ము కాలేదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఆంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగేవాళ్లకే విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం కలిపి ఏడాదిపాటు ఇచ్చి, కొంతమందికి మందులేని ఉత్తి బిళ్లలిచ్చి పోల్చారు. మందు తిన్నవాళ్లలో సగానికి పైగా మందికి మచ్చలు పోయాయి, ఉత్తి బిళ్లల వాళ్లలో కొద్దిమందికే పోయాయి. ఇది 1995లో అచ్చయింది. అయితే మచ్చ పోవటం వేరు, క్యాన్సరు రాకపోవటం వేరు. నాన్నమ్మకి ఈ బిళ్లల సంగతి చెప్పలేదు. చెబితే బిళ్ల ఒక చేత్తో, చుట్ట ఒక చేత్తో పట్టుకుంటుంది.

నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఇంకో పరిశోధన. టాటా సంస్థ వాళ్లే తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఎంచుకుని, ఏటేటా నోరు పరీక్షిస్తూ, మానమని మనిషి మనిషికీ చెబుతూ, సినిమాలు, పోస్టర్లు, రేడియో ద్వారా ప్రచారం చేశారు. ఐదేళ్ల ఫలితం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మానినవాళ్లలో, తగ్గించినవాళ్లలో కొత్త మచ్చలు రావటం తగ్గింది. అంటే చెబితే వినేవాళ్లు వున్నారు, వింటే ఫలితమూ వుంది. డాల్ లెక్క కూడా వుంది. యాభై ఏళ్లపాటు బ్రిటిష్ డాక్టర్లను గమనించి 2004లో చెప్పాడు: ముప్పయ్యో ఏట సిగరెట్టు మానినవాళ్లకి, మాననివాళ్లతో పోలిస్తే, సగటున పదేళ్ల ఆయుష్షు మిగిలింది, యాభయ్యో ఏట మానితే ఆరేళ్లు, అరవయ్యో ఏట మానినా మూడేళ్లు. అది సిగరెట్ల లెక్క, మా చుట్టది కాదు. అయినా "ఈ వయసులో మాని ఏం లాభం" అనేవాళ్లకి ఆ మూడేళ్లు చూపించొచ్చు.

ఉగాదికి వెళ్లి ఇదంతా నాన్నమ్మకి మడి, యూరియా భాషలో చెప్పాను. మొత్తం వింది. "అయితే మాయత్త మడికి తెగులు తగలనేదంతే" అంది. రోజుకి ఐదు చుట్టలు తాగేది, ఇప్పుడు రెండుకి వచ్చింది. అదీ నిప్పు బయటికి పెట్టి. దానివల్ల అంగిలికి కాస్త ఊరట, కాని పొగ పొగే, ముప్పు పూర్తిగా పోదని చెప్పాను. రెండోసారి చూపించినప్పుడు డాక్టరమ్మ తెలుపు కొంచెం పలచబడిందన్నది, ఎర్ర చుక్కలు ఇంకా వున్నాయి. మళ్లీ దసరాకి రమ్మన్నారు. నాన్నమ్మ ఫిర్యాదు ఒక్కటే: "నిప్పు బయటుంటే రుసే నేదే గుంటా."